హైలాండ్స్ కొండల్లో యుద్ధకాలపు శిక్షణ మరణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో చదువుకునే మన పిల్లలు స్కై ద్వీపానికి ట్రిప్ వేస్తే, దారిలో స్పీన్ బ్రిడ్జ్ దగ్గర చాలా టూర్ బస్సులు కాసేపు ఆగుతాయి. అక్కడ ముగ్గురు కమాండోల (మెరుపుదాడులకి ప్రత్యేకంగా తయారైన సైనికుల) కంచు విగ్రహం ఉంటుంది. ఫొటో దిగి బస్సెక్కాక చాలామందికి వచ్చే సందేహం ఒకటే: ఇక్కడ యుద్ధమే జరగలేదు కదా, ఈ స్మారకం ఎందుకు? ఆ ప్రశ్నతో మొదలుపెట్టి, దాని చుట్టూ ఎక్కువగా వినిపించే మిగతా ప్రశ్నలకూ జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఏ యుద్ధం గురించి, ఏ ప్రాంతం గురించి మాట్లాడుతున్నాం?

రెండో ప్రపంచ యుద్ధం, 1939 నుంచి 1945 వరకు. స్కాట్లాండ్ ఉత్తర, పశ్చిమ భాగాల్లో ఉన్న కొండ ప్రాంతాన్ని హైలాండ్స్ అంటారు. ఊళ్ళు తక్కువ, రోడ్లు ఇంకా తక్కువ, వానా గాలీ మాత్రం కావలసినంత. జర్మన్ సైన్యం ఇక్కడ అడుగు పెట్టలేదు. అయినా కమాండోలు, విమాన సిబ్బంది, బుల్లి జలాంతర్గాములు నడిపేవాళ్ళు, భారత సైన్యపు కంచరగాడిదల దళాల వాళ్ళు ఈ నేల మీద, ఈ నీళ్ళలో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

శిక్షణకి ఈ మారుమూల ప్రాంతాన్నే ఎందుకు ఎంచుకున్నారు?

1940 జూన్‌లో ఫ్రాన్స్ తీరంలోని డన్‌కిర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం వెనక్కి వచ్చాక, సముద్రం దాటి వెళ్ళి మెరుపుదాడులు చేసే చిన్న దళాలు, అంటే కమాండోలు, కావాలని చర్చిల్ పట్టుబట్టాడు. వాటికి శిక్షణ ఇవ్వాలంటే కొండలు, చల్లటి నదులు, సముద్రపు పాయలు అన్నీ దగ్గర దగ్గరగా ఉండాలి, గూఢచారుల కంట పడకూడదు. హైలాండ్స్‌లో ఇవన్నీ ఉన్నాయి. పైగా పెద్ద పెద్ద ఎస్టేట్లు కొద్దిమంది జమీందార్ల చేతుల్లో ఉండేవి కాబట్టి, ఒక్క ఉత్తర్వుతో వేల ఎకరాలు సైన్యం చేతికి వచ్చేవి. లోకేలార్ట్‌లో 1940లోనే ప్రత్యేక శిక్షణ కేంద్రం పెట్టారు. గ్రేట్ గ్లెన్ లోయకి ఉత్తరాన, పడమరన ఉన్న ప్రాంతంలో చాలా భాగాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించి, పాస్ లేనివాళ్ళని రానివ్వలేదు.

వాతావరణం గురించి ఒక్క మాట. నార్వే తీరం మీద దాడులు చేయాలనుకున్నవాళ్ళకి ఇక్కడి చలి ఒక పాఠం. కాబట్టి వాన పడుతోందని ట్రైనింగ్ ఆపేవారు కాదు. ప్రాణాలు పోవడానికి ఇదీ ఒక కారణమే.

అక్నాకారీలో అసలు ఏం చేయించేవారు?

స్పీన్ బ్రిడ్జ్‌కి కొద్ది మైళ్ళ దూరంలో లాక్ లోకీ, లాక్ ఆర్కెయిగ్ అనే రెండు సరస్సుల మధ్య అక్నాకారీ కోట ఉంది. కామెరన్ వంశపు పెద్ద లాకీల్ నివాసం అది. 1942 ఆరంభంలో అక్కడ కమాండో శిక్షణ కేంద్రం మొదలైంది. అధిపతి లెఫ్టినెంట్ కల్నల్ చార్లెస్ వాన్. యుద్ధం ముగిసేలోపు 25 వేల మందికి పైగా అక్కడ ట్రైనింగ్ పొందారు. బ్రిటిష్ వాళ్ళే కాదు, ఫ్రెంచ్, బెల్జియం, డచ్, నార్వే వాళ్ళు, అమెరికన్లు కూడా.

రైలు దిగిన చోటే పరీక్ష మొదలయ్యేది. స్టేషన్ నుంచి కోట దాకా దాదాపు 7 మైళ్ళు నడక. ఆ తర్వాత అదే 7 మైళ్ళని ఆయుధాలతో, పూర్తి సామానుతో 70 నిమిషాల్లోపు పూర్తి చేయాలి. చెట్టు మీద నుంచి ఆర్కెయిగ్ నది అవతలి ఒడ్డుకి తాడు కట్టి, దాని మీదుగా జారి వెళ్ళాలి. దానికి కుర్రాళ్ళు ‘డెత్ రైడ్’ అని పేరు పెట్టుకున్నారు. నది మీద తాళ్ళు ముడివేసి వంతెన కట్టి, అది ఊగుతుండగా దాటాలి, పక్కన నీళ్ళలో పేలుళ్ళు జరుగుతూనే ఉంటాయి. కోర్సు చివర్లో రాత్రిపూట లాక్ లోకీ సరస్సులో పడవలేసుకుని బునార్కెయిగ్ ఒడ్డున దిగాలి. ఎదురుగా ఒడ్డు మీద నుంచి ట్రైనర్లు మెషిన్‌గన్‌తో కాలుస్తుంటారు.

నిజం తూటాలేనా?

అవును, నిజమైనవే. గురి తప్పకుండా పక్కకి కాల్చగలిగే నేర్పరులని ఏరి ఆ పని అప్పగించేవారు. తెడ్డు చివరని తూటా తాకిన సందర్భాలున్నాయని ఆ రోజుల్లో ఉన్నవాళ్ళు చెప్పుకున్నారు.

కమాండోల తరహాలో తయారైన అమెరికన్ రేంజర్ల మొదటి బెటాలియన్ 1942 జూన్ 19న ఉత్తర ఐర్లండ్‌లోని కారిక్‌ఫెర్గస్‌లో ఏర్పడింది. విలియం డార్బీ నాయకత్వంలో వాళ్ళు వెంటనే అక్నాకారీకి వచ్చారు. ఆ ట్రైనింగ్‌లో ఒక రేంజర్ చనిపోయాడు, కొందరు గాయపడ్డారు. శత్రువుని ఇంకా కళ్ళతో చూడకముందే జరిగిన నష్టం ఇది.

దారి పక్కన దొంగ సమాధులు ఉండేవట, నిజమేనా?

నిజమే. కోటకి వెళ్ళే దారి పక్కన మట్టి దిబ్బలు పోసి, శిలువలు నాటి, ఆ ‘చచ్చిపోయినవాడు’ ఏం తప్పు చేశాడో బోర్డు మీద రాసి పెట్టేవారు. కొండ శిఖరం మీద ఆకాశానికి ఎదురుగా నిలబడి శత్రువు కంట పడ్డాడని ఒక సమాధి. అలాంటివే మరికొన్ని తప్పులకి మరికొన్ని సమాధులు. కొత్తగా వచ్చిన కుర్రాడికి రాగానే కనబడేది ఇదే.

గైడ్లు ఈ కథని నవ్వుతూ చెబుతారు. నాకైతే అందులో నవ్వేందుకేమీ కనబడదు. ఆ దిబ్బల కింద ఎవరూ లేకపోవచ్చు గానీ, అదే చోట ట్రైనింగ్‌లో నిజంగా చనిపోయినవాళ్ళు ఉన్నారు. తప్పు చేస్తే చస్తావు అని ఆ బోర్డులు చెప్పాయి. ఏ తప్పూ చేయకపోయినా, పక్కవాడి తడబాటుకో నది ఉధృతికో పోయినవాళ్ళ సంగతి ఏ బోర్డూ చెప్పలేదు.

ఇన్ని మరణాలుంటే చరిత్రలో పెద్దగా పేరు ఎందుకు రాలేదు?

ఒకేచోట, ఒకే రోజు జరగలేదు కాబట్టి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో స్లాప్టన్ శాండ్స్ దగ్గర 1944 ఏప్రిల్ 28న డీ-డే (నార్మండీ తీరంలో దిగే దాడి) రిహార్సల్‌లో ఉన్న అమెరికన్ ఓడల మీద జర్మన్ టార్పెడో పడవలు దాడి చేశాయి, వందల మంది పోయారు. అది అందరికీ తెలుసు. హైలాండ్స్‌లో అలా కాదు. ఇవాళ ఒకడు నదిలో, వచ్చే వారం ఇద్దరు సరస్సులో, ఇంకో నెలకి ఆరుగురు కొండ మీద. ఒక్కో మరణం ఒక్కో దళం డైరీలో ఒక్కో లైనుగా మిగిలిపోయింది. పైగా యుద్ధకాలపు సెన్సార్ వల్ల పత్రికల్లో వివరాలు రాలేదు.

విమానాలు కొండలకి ఎందుకు అంతగా గుద్దుకునేవి?

దీనికి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే హైలాండ్స్‌లో ఈరోజుకీ కంటికి కనబడే ఆనవాళ్ళు ఎక్కువగా ఇవే.

మోరే తీరంలోని కిన్‌లాస్ వంటి చోట్ల బాంబర్ సిబ్బందిని తయారుచేసే యూనిట్లు ఉండేవి. పగలూ రాత్రీ దారి కనుక్కోవడం ప్రాక్టీసు చేయించేవారు. అప్పటి పద్ధతి ఏమిటంటే, విమానం వేగం, దిక్కు, బయల్దేరిన సమయం, గాలి ఎంత వీస్తోందన్న అంచనా, ఈ నాలుగూ లెక్కగట్టి ఇప్పుడు ఎక్కడున్నామో మ్యాప్ మీద గుర్తు పెట్టుకోవడం. గాలి అంచనా గంటకి 20 మైళ్ళు తప్పితే, గంట ప్రయాణం తర్వాత మీరు అనుకున్న చోటికి 20 మైళ్ళ దూరంలో ఉంటారు. కింద సముద్రం ఉందనుకుని మేఘంలోంచి దిగుతారు. కింద ఉన్నది కొండ.

దీనికి తోడు రెక్కల మీద మంచు పేరుకుంటే విమానం బరువెక్కి, ఎత్తులో నిలవలేదు. మంచు వదిలించుకోవాలంటే కిందికి దిగాలి, కొండని తప్పించుకోవాలంటే పైకి లేవాలి. రెండూ ఒకేసారి కుదరవు.

బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో మొత్తం 55 వేల మందికి పైగా చనిపోతే, అందులో 8 వేల మందికి పైగా శిక్షణలోనూ, దాడికి సంబంధం లేని ఇతర ప్రయాణాల్లోనూ పోయినవాళ్ళే. హైలాండ్స్ కొండల్లో పడినవి ఆ లెక్కలో ఒక భాగం.

అసింట్ కొండ మీద ఉన్న ఆరుగురి సంగతి ఏమిటి?

1941 ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం. కిన్‌లాస్‌లోని 19వ ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్ నుంచి ఒక ఏవ్రో యాన్సన్ విమానం ఆరుగురితో నావిగేషన్ ప్రాక్టీసుకి బయల్దేరింది. వాయవ్య హైలాండ్స్ మీద ఉండగా మంచు తుఫానులో చిక్కుకుంది. తిరిగి రాలేదు.

వాళ్ళు బెన్ మోర్ అసింట్ కొండల గుంపులో, సుమారు 700 మీటర్ల ఎత్తున కూలిపోయారని తెలియడానికి ఆరు వారాలు పట్టింది. మే 25న ఒక గొర్రెల కాపరికి ఆ విమానం కనబడింది. చనిపోయినవాళ్ళలో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒక అధికారి అప్పటికే డీఎఫ్‌సీ పతకం అందుకున్నవాడు. యుద్ధంలో ధైర్యానికి పతకం తీసుకున్న మనిషి చనిపోయింది బ్రిటన్ లోపలే, ప్రాక్టీసు విమానంలో. హైలాండ్స్‌లో ఏది ప్రమాదకరమో అర్థం కావడానికి ఈ ఒక్క సంగతి చాలనిపిస్తుంది.

వాళ్ళని ఊళ్ళోకి తేకుండా కొండ మీదే ఎందుకు సమాధి చేశారు?

ఆ ఎత్తునుంచి, దారి లేని ఆ చిత్తడి నేల మీదుగా ఆరు మృతదేహాలని కిందికి మోయడం కుదరదని నిర్ణయించారు. కూలిన చోటే పూడ్చి, పైన రాళ్ళు పేర్చారు. బ్రిటన్‌లో యుద్ధ మృతులని ఇలా కొండ మీదే వదిలేయడం చాలా అరుదు. కింద ఇంచ్‌నడాంఫ్ ఊరి పాత చర్చి ఆవరణలో వాళ్ళ పేర్లతో ఒక స్మారకం పెట్టారు.

ఏళ్ళు గడిచేకొద్దీ కొండ మీది రాళ్ళ గుట్ట చెదిరిపోయింది. 2013లో యుద్ధ మృతుల సమాధుల బాగోగులు చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఆరుగురి పేర్లూ చెక్కిన గ్రానైట్ ఫలకం చేయించింది. దాని బరువు సుమారు 600 కిలోలు. దాన్ని పైకి చేర్చింది రాయల్ ఎయిర్ ఫోర్స్ చినూక్ హెలికాప్టర్. అప్పట్లో దింపలేకపోయిన చోటికి 72 ఏళ్ళ తర్వాత రాయిని ఎక్కించారు.

ఆరు వారాల పాటు ఎవరూ వెతకలేదా?

వెతకడం వేరు, దొరకడం వేరు. ఆ రోజుల్లో కొండల్లో కూలిన విమానాల కోసం ప్రత్యేకంగా తయారైన దళమంటూ లేదు. దగ్గర్లో ఉన్న ఎయిర్‌ఫీల్డ్ డాక్టరు, నలుగురు సైనికులు, దారి తెలిసిన ఒక కాపరి, ఇంతే. మామూలు బూట్లతో మంచులోకి వెళ్ళేవారు. ఇలాంటి ప్రమాదాలు పెరిగిపోవడంతోనే రాయల్ ఎయిర్ ఫోర్స్ యుద్ధం మధ్యలో సొంత మౌంటెన్ రెస్క్యూ టీములు పెట్టుకుంది. కిన్‌లాస్‌లోనూ ఒకటి వచ్చింది.

సమస్య అంతటితో తీరిందనుకోకండి. 1951 మార్చిలో అదే కిన్‌లాస్ నుంచి రాత్రి నావిగేషన్ ప్రాక్టీసుకి వెళ్ళిన ఒక లాంకాస్టర్ విమానం బెన్ ఐ కొండ పైభాగాన కూలి 8 మంది పోయారు. అక్కడికి చేరడానికి రెస్క్యూ టీము పడ్డ అవస్థ చూశాకే మంచు కొండలెక్కే శిక్షణనీ సామగ్రినీ గట్టిగా మెరుగుపరిచారు.

నీళ్ళ కింద పోయినవాళ్ళు కూడా ఉన్నారా?

ఉన్నారు. వాయవ్య తీరంలో కైలెస్క్యూ దగ్గర ఉన్న లాక్ కెయిర్న్‌బాన్ అనే సముద్రపు పాయలో నేవీ రహస్యంగా రెండు రకాల పరికరాల మీద తర్ఫీదు ఇచ్చింది. ఒకటి నలుగురు పట్టే ఎక్స్-క్రాఫ్ట్ అనే బుల్లి జలాంతర్గామి. రెండోది చారియట్. అది టార్పెడో ఆకారంలో ఉంటుంది, ఇద్దరు గజ ఈతగాళ్ళు దాని మీద గుర్రమెక్కినట్టు కూర్చుని నీటి కింద నడుపుతారు. 1943 సెప్టెంబరులో నార్వేలో జర్మన్ యుద్ధనౌక టిర్పిట్జ్ మీద దాడికి ఎక్స్-క్రాఫ్ట్‌లు బయల్దేరింది ఇక్కడి నుంచే.

చారియట్ ఈతగాళ్ళు బుడగలు పైకి రాకుండా ఉండేందుకు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చేవారు. పది మీటర్ల లోతు దాటితే ఆ ఆక్సిజనే విషమవుతుంది. ఫిట్స్ వస్తాయి, స్పృహ పోతుంది. ఏ లోతులో, ఎంతసేపటికి, ఎవరికి ఇలా జరుగుతుందో అప్పటికి సరిగ్గా తెలియదు. ఈ కుర్రాళ్ళ ఒంటి మీదే అది తెలుసుకున్నారు. నీటి కింద జలాంతర్గాములని అడ్డుకునే ఉక్కు వలలని కత్తిరించడం నేర్చుకుంటూ పోయినవాళ్ళూ ఉన్నారు. 1944 ఫిబ్రవరిలో స్కాట్లాండ్ ఉత్తర కొసన ఉన్న పెంట్‌లాండ్ ఫర్త్ జలసంధిలో ఎక్స్-22 అనే ఎక్స్-క్రాఫ్ట్‌ని లాక్కుపోతున్న పెద్ద జలాంతర్గామి సిర్టిస్ పొరపాటున దాన్నే గుద్దింది. లోపలున్న నలుగురూ మునిగిపోయారు.

కైలెస్క్యూ వంతెన పక్కన వీళ్ళు పనిచేసిన 12వ జలాంతర్గామి దళానికి స్మారకం ఉంది.

భారతీయులు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు, ఇది మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఫోర్స్ కె6 అని భారత సైన్యపు కంచరగాడిదల రవాణా దళాలు నాలుగు 1939 డిసెంబరులో ఫ్రాన్స్ చేరాయి. ఒక దళం జర్మన్ల చేతికి చిక్కింది, మిగతావాళ్ళు బ్రిటన్‌కి వచ్చారు, కంచరగాడిదలని అక్కడే వదిలేయాల్సి వచ్చింది. తర్వాత వాళ్ళు హైలాండ్స్‌లో కొండ యుద్ధం ట్రైనింగ్‌లో పాల్గొన్నారు. కెయిర్న్‌గార్మ్ కొండల్లో 52వ లోలాండ్ డివిజన్‌కి కూడా అదే ట్రైనింగ్ నడిచింది. విచిత్రమేమిటంటే, కొండల కోసం తయారైన ఆ డివిజన్ చివరికి 1944లో నెదర్లాండ్స్‌లో సముద్రమట్టం కన్నా కిందున్న వాల్కెరెన్ ద్వీపంలో యుద్ధం చేసింది.

కింగ్యూసీ ఊరి శ్మశానంలో 9 మంది భారత సైనికుల సమాధులున్నాయి. శత్రువు తూటాకి పోయినవాళ్ళు కాదు. ఈ దళాల్లో ఎక్కువమంది అవిభక్త పంజాబ్, దాని చుట్టుపక్కల ప్రాంతాల ముస్లింలు, అందుకే రాళ్ళ మీద ఉర్దూ, అరబిక్ అక్షరాలు కనబడతాయి. తెలుగు పేర్ల కోసం అక్కడ వెతకనక్కర్లేదు. అయినా ఇన్వర్నెస్ వైపు వెళ్ళేటప్పుడు ఒక అరగంట ఆగి చూడదగ్గ చోటు. రైలు స్టేషన్ కూడా ఊళ్ళోనే ఉంది.

ట్రైనింగ్‌లో చనిపోతే యుద్ధంలో చనిపోయినట్టు లెక్కా?

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ దృష్టిలో లెక్కే. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 మధ్య సర్వీసులో ఉండగా చనిపోయిన ప్రతివారికీ, కారణం ఏదైనా, ఒకే గౌరవం. ఒకే కొలత రాయి, హోదాని బట్టి రాయిలో తేడా ఉండదు. రాయి చూసి ఆ మనిషి నార్మండీలో పోయాడో నదిలో జారి పోయాడో చెప్పలేం.

ఇంటికి వెళ్ళే కాగితంలో మాత్రం తేడా ఉండేది. ‘యుద్ధంలో మరణం’ అని వచ్చేది శత్రువు చేతిలో పోయినవారికి. మిగతావారికి ‘విధి నిర్వహణలో మరణం’ అనే అర్థంలో ఒక టెలిగ్రామ్, ఆ తర్వాత కమాండింగ్ ఆఫీసరు రాసిన ఒక చిన్న ఉత్తరం. ఏ కొండ, ఏ సరస్సు అన్నది రహస్యం కాబట్టి చాలా ఇళ్ళకి ఆ కాలంలో అంతకు మించి తెలియలేదు.

ఇది నిర్లక్ష్యమా, తప్పనిసరా?

రెండు రకాలూ ఉన్నాయని నా అభిప్రాయం. నిజం తూటాలతో ట్రైనింగ్ ఇవ్వడం తెలిసి తీసుకున్న నిర్ణయం. మొదటిసారి తూటాల చప్పుడు వినే చోటు శత్రువు తీరం కాకూడదన్నది వాళ్ళ వాదన. ఆ తర్వాత దాడుల్లో ఆ శిక్షణ పనికొచ్చిందని బతికినవాళ్ళు చెప్పారు. కాబట్టి దాన్ని తప్పుపట్టడం నాకు కష్టం.

కానీ మంచు తుఫానులో ప్రాక్టీసు విమానాన్ని కొండల మీదికి పంపడం అలాంటిది కాదు. సిబ్బందిని త్వరగా తయారుచేయాలన్న ఒత్తిడి, పాతబడ్డ విమానాలు, చాలని వాతావరణ సమాచారం, అన్నీ కలిసి చేసిన పని అది. ఆ రెండింటినీ కలిపేసి ‘త్యాగం’ అనే ఒక్క మాట వాడేస్తే, ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారన్న ప్రశ్న మాయమైపోతుంది.

చూడటానికి వెళ్ళొచ్చా?

స్పీన్ బ్రిడ్జ్ స్మారకం సులువు. స్కాట్ సదర్లాండ్ చెక్కిన ఆ విగ్రహాన్ని 1952 సెప్టెంబరు 27న క్వీన్ మదర్ ఆవిష్కరించారు. కింద రాసినదాంట్లో, ఈ నేలే వాళ్ళ శిక్షణ స్థలం అన్న భావం ఉంటుంది. గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియం వెళ్ళే రైలు స్పీన్ బ్రిడ్జ్‌లో ఆగుతుంది. అక్కడి నుంచి ఒక మైలు ఎక్కుడు నడక, రోడ్డు పక్కనే కాబట్టి లారీలతో జాగ్రత్త. అక్నాకారీ కోట ఇప్పటికీ ప్రైవేటు ఇల్లు, లోపలికి రానివ్వరు. పక్కనున్న కామెరన్ మ్యూజియం వేసవిలో తెరుస్తారు.

అసింట్ కొండ మాత్రం టూరిస్టు స్పాట్ కాదు. దారి చివరిదాకా ఉండదు, ఫోన్ సిగ్నల్ ఉండదు, జూన్‌లో కూడా మేఘం కమ్మేస్తుంది. మ్యాప్, దిక్సూచి వాడటం రాకపోతే ఇంచ్‌నడాంఫ్ చర్చి దగ్గరి స్మారకం చూసి వచ్చేయండి.

విమానం ముక్కలు కనబడితే తీసుకోవచ్చా?

వద్దు. 1986 నాటి సైనిక అవశేషాల రక్షణ చట్టం ప్రకారం కూలిన సైనిక విమానాన్ని లైసెన్స్ లేకుండా కదిపినా, అందులోంచి ఏదైనా తీసినా నేరం. చిన్న అల్యూమినియం ముక్కైనా సరే.

మా తాతగారు ఆ యుద్ధంలో పనిచేశారు. ఆయన రికార్డు ఎక్కడ వెతకాలి?

చనిపోయినవారైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరుతో ఉచితంగా వెతకొచ్చు. తెలుగు పేర్లని అప్పటి గుమాస్తాలు చెవికి ఎలా వినబడితే అలా రాశారు కాబట్టి స్పెల్లింగులు మార్చి మార్చి ప్రయత్నించండి. ఇంటిపేరు అసలు లేకపోవచ్చు, లేదా తండ్రి పేరు ఆ చోట ఉండొచ్చు. సర్వీసు నంబరు దొరికితే సగం పని అయినట్టే, పాత పెన్షన్ కాగితాల మీద అది ఉంటుంది. మన ప్రాంతం నుంచి మద్రాస్ రెజిమెంట్‌లోనూ మద్రాస్ శాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలోనూ చేరినవాళ్ళు ఎక్కువ కాబట్టి ముందు అటువైపు చూడండి.

బ్రిటిష్ సిబ్బంది మరణాల వివరాలు కావాలంటే లండన్‌లోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ ప్రమాదాల ఫైళ్ళు ‘ఎయిర్ 81’ (AIR 81) అనే వరుసలో, కమాండో దళాల డైరీలు ‘డెఫ్ 2’ (DEFE 2) వరుసలో ఉంటాయి. కేటలాగ్ ఇంటి నుంచే చూడొచ్చు. చాలా ఫైళ్ళని మాత్రం అక్కడికి వెళ్ళి చదవాలి, లేదా డబ్బు కట్టి కాపీ తెప్పించుకోవాలి.